డిసెంబరులో పిల్లల బడి సంచీ తెరిచి చూడండి

థాంక్స్ గివింగ్ సెలవులయ్యాక సోమవారం బడి తెరిచేసరికి గోడల మీద టర్కీ కోడి బొమ్మలు పోయి మంచు మనుషుల బొమ్మలు వచ్చేస్తాయి. అక్కడి నుంచి శీతాకాలం సెలవులకు మూడు వారాలే. ఎలిమెంటరీ పిల్లల సంచీలోంచి ఆ మూడు వారాల్లో వచ్చినన్ని కాగితాలు ఏడాది మొత్తంలో రావు. బుక్ ఫెయిర్ చీటీ, పాటల కార్యక్రమం చీటీ, క్లాసు పార్టీకి ఏం తెస్తారో రాయమని చీటీ, లేనివాళ్ళకి కోట్లు ఇమ్మని చీటీ, పైజమాతో బడికి రమ్మనే రోజు గురించి ఇంకో చీటీ. ఈ రోజుల్లో సగం ఫోనులోకే వస్తున్నాయి. ఆఫీసు మెయిళ్ళ మధ్యలో అవి ఎక్కడో కిందపడిపోతాయి.

మన ఊళ్ళలో తల్లిదండ్రులు బడికి వెళ్ళారంటే ఏదో గొడవ జరిగిందనే లెక్క. హెడ్మాస్టరు కబురు పెడితేనే నాన్న వెళ్ళేవాడు, వచ్చాక మన వీపు పగిలేది. ఆ అలవాటుతోనే ఇక్కడా చాలామంది "టీచరు చూసుకుంటుంది, మనమెందుకు?" అనుకుంటారు. ఈ దేశం పద్ధతి వేరు. 1897లో వాషింగ్టన్‌లో ఆలిస్ మెక్‌లెల్లన్ బర్నీ, ఫీబీ హర్స్ట్ అనే ఇద్దరు ఆడవాళ్ళు తల్లుల సంఘం ఒకటి పెట్టారు. ఈనాటి పీటీఏ దాంట్లోంచి వచ్చిందే. అప్పటి నుంచీ తల్లిదండ్రులు బడికి రావడం ఇక్కడ మామూలు విషయం. కాబట్టి మనం వెళితే ఎవరూ వింతగా చూడరు. ఎప్పుడూ వెళ్ళకపోతే మాత్రం మన పిల్లల గురించి మాట్లాడేవాళ్ళు అక్కడ ఉండరు.

"వెళ్ళాలనే ఉంది, సెలవు ఎవరిస్తారు?" అని నాతో పనిచేసేవాళ్ళు అడుగుతుంటారు. గంటల జీతం మీద పనిచేసే మనలాంటి వాళ్ళకి ఇది నిజమైన కష్టమే. క్లాసు పార్టీ మధ్యాహ్నం రెండింటికి పెడతారు, మన పనేమో అయిదింటి దాకా. అయితే ఇల్లినాయ్ రాష్ట్రంలో ఉన్నవాళ్ళకి రెండు చట్టాలు పనికొస్తాయి.

మొదటిది 2024 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన పెయిడ్ లీవ్ చట్టం. ప్రతి 40 గంటల పనికి ఒక గంట చొప్పున ఏడాదికి 40 గంటల దాకా జీతంతో సెలవు వస్తుంది. చేరిన 90 రోజుల తర్వాత వాడుకోవచ్చు. కారణం చెప్పమని యజమాని అడగకూడదు. ముందే తెలిసిన సెలవైతే ఏడు రోజుల ముందు చెప్పమనవచ్చు. షికాగో నగరంలో పనిచేసేవాళ్ళకి నగరం సొంత చట్టం ఉంది. క్లాసు పార్టీకీ, పాటల కార్యక్రమానికీ ఈ సెలవు వాడుకోవచ్చు.

రెండోది స్కూల్ విజిటేషన్ చట్టం. 50 మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట, ఆరు నెలలు దాటిన ఉద్యోగికి బడి ఏడాదిలో 8 గంటలు ఇవ్వాలి. ఒక రోజులో 4 గంటలు మించకూడదు. ఇది పార్టీలకు కాదు, టీచరుతో చదువు గురించో పిల్లల ప్రవర్తన గురించో జరిగే సమావేశాలకు. పని వేళలు కాని సమయంలో ఆ సమావేశం కుదరనప్పుడే, మిగతా సెలవులు (జబ్బు సెలవు తప్ప) అయిపోయాకే ఇస్తారు. జీతం ఇవ్వక్కరలేదు. ఏడు రోజుల ముందు రాతపూర్వకంగా అడగాలి. వెళ్ళినట్టు బడి వాళ్ళ దగ్గర కాగితం తీసుకుని ఆఫీసులో ఇవ్వాలి. కాలిఫోర్నియా, మసాచుసెట్స్, మిన్నెసోటా, నార్త్ కరోలినా రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలున్నాయి, గంటలూ షరతులూ వేరు. మీ రాష్ట్రం సంగతి మీ హెచ్ఆర్ వాళ్ళని అడగండి. అడగడానికి మొహమాటం వద్దండి.

ఇంగ్లీషు రాదన్న భయం ఇంకొకటి. టీచరుతో సమావేశానికి దుబాసీ కావాలంటే వారం ముందు బడి ఆఫీసులో చెప్పండి. బడి వాళ్ళే ఏర్పాటు చేస్తారు, మనం డబ్బు కట్టక్కరలేదు. మూడో క్లాసు పిల్లని మధ్యలో కూర్చోబెట్టి అనువాదం చేయించకండి. తన గురించిన ఫిర్యాదు తనే చెప్పాల్సి వస్తే ఏ పిల్లైనా సగం మింగేస్తుంది!

ఇక అసలు చిక్కు ఇండియా ప్రయాణం. డిసెంబరు సెలవులు రెండు వారాలే. అమ్మా నాన్నా ఏమో "సంక్రాంతి దాకా ఉండి వెళ్ళండి" అంటారు. సంక్రాంతి జనవరి 14, 15 తేదీల్లో. మొత్తం అయిదు వారాలు ఉండి వస్తే మూడు వారాల బడి పోతుంది. మార్టిన్ లూథర్ కింగ్ సెలవు ఒకటి తీసేస్తే 14 రోజులు. ఏడాదిలో బడి దాదాపు 180 రోజులు. అందులో పదో వంతు, అంటే 18 రోజులు మానేస్తే ఆ పిల్లని తరచుగా బడి మానే పిల్లల జాబితాలో రాస్తారు. కారణం మంచిదైనా లెక్క లెక్కే. ఇండియా నుంచి వచ్చాక నాలుగు రోజులు జ్వరం వస్తే చాలు, గీత దాటినట్టే.

మాకు తెలిసిన ఒక కుటుంబం కిందటేడు ఇలాగే వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పిల్లవాడి పేరు బడి పుస్తకాల్లోంచి తీసేశారు. ఇంటి అద్దె కాగితాలు, కరెంటు బిల్లు, టీకాల కాగితాలు అన్నీ పట్టుకుని కొత్తగా చేరినట్టు చేర్చుకోవాల్సి వచ్చింది. వాడి పాత క్లాసులో చోటు లేక వేరే టీచరు దగ్గర వేశారు. తల్లికి ఆ పని కోసం రెండు రోజుల జీతం పోయింది. పిల్లవాడికి స్నేహితులు పోయారు.

ఇంకో సంగతి. ఇంట్లో తెలుగు మాట్లాడతామని చేర్పించేటప్పుడు రాస్తాం కదా, అలా కొంతమంది పిల్లల్ని ఇంగ్లీషు నేర్చుకునే తరగతిలో వేస్తారు. వాళ్ళు అందులోంచి బయటికి రావాలంటే యాక్సెస్ అనే పరీక్ష రాయాలి. అది మామూలుగా జనవరి మధ్యలో మొదలవుతుంది. మూడు వారాలు తెలుగులోనే ఉండి, విమానం దిగిన మూడో రోజు నిద్ర కళ్ళతో ఆ పరీక్ష రాస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

నానమ్మ తాతయ్యల దగ్గరికి వెళ్ళొద్దని నేను అనను. ఆ బంధం ఏ బడీ ఇవ్వలేదు. కానీ టికెట్ కొనకముందే ప్రిన్సిపాలుకి తేదీలు రాసి పంపండి. వరసగా ఎన్ని రోజులు మానితే పేరు తీసేస్తారో, పరీక్షలు ఎప్పుడో అడగండి. జవాబు మెయిల్‌లో వస్తే దాచుకోండి. కుదిరితే ఒక ఏడాది వేసవిలో, ఒక ఏడాది సంక్రాంతికి వెళ్ళండి.

ఊళ్ళోనే ఉండేవాళ్ళకి చిన్న విషయాలు కొన్ని. మా పిల్లల బడిలో చలిగాలి లెక్క సున్నా ఫారన్‌హీట్‌కి, అంటే మన సెల్సియస్‌లో మైనస్ 18కి, కిందికి పోతే తప్ప ఆటకి బయటికే పంపుతారు. స్నో ప్యాంటు, బూట్లు లేని పిల్లలు మంచులోకి దిగకుండా నల్ల తారు మీదే నిలబడాలి. ఆ నిలబడేది మనవాళ్ళు కాకుండా చూడండి. పిల్లలు ఏటా పెరుగుతారు కాబట్టి సెకండ్ హ్యాండ్‌వి కొన్నా తప్పులేదు. చేతి తొడుగుల మీద కూడా పేరు రాయండి.

పార్టీకి ఇంట్లో చేసిన గారెలు పంపాలని ఉన్నా చాలా బడుల్లో ఒప్పుకోరు. వేరుశెనగ పడని పిల్లలుంటారు, అందుకే చీటీ అంటించిన ప్యాకెట్లే అడుగుతారు. మాంసం తినని వాళ్ళు మార్ష్‌మెలో సంగతి టీచరుకి ముందే చెప్పండి. అందులో వేసే జెలటిన్ జంతువుల నుంచి తీసేది. టీచరుకి కానుక ఇవ్వాలన్న నియమం ఏమీ లేదు. పిల్ల తన చేత్తో రాసిన కార్డు చాలు.

ఒక్క మనవి. జనవరిలో సంక్రాంతి వారం టీచరుని అరగంట అడగండి. కాగితం మీద చుక్కలు పెట్టి పిల్లలందరి చేతా ముగ్గు వేయించండి. ఏడు చుక్కల వరస, నాలుగు దాకా సందు చుక్క అంటూ లెక్కపెడితే అది రెండో క్లాసు లెక్కల పాఠమే. దానికి పెద్ద ఇంగ్లీషు అక్కరలేదు. మీ అమ్మాయి ఆ రోజు క్లాసులో ఎంత నిటారుగా కూర్చుంటుందో మీరే చూస్తారు.

ఈ రాత్రి వంట అయ్యాక సంచీలో కాగితాలన్నీ బల్ల మీద పోసి, పార్టీ తేదీ, పరీక్ష తేదీ, బడి మళ్ళీ తెరిచే తేదీ క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. సెలవు చీటీ రేపే రాసివ్వండి.