మారుమనువు - బిడ్డ హక్కు

వితంతువు మరల వివాహమాడవచ్చునా అన్న వాదం మన దేశంలో ఏనాడో ముగిసింది. ఆ వివాహంతో ఆమె ఇంటి బియ్యం, పింఛను, బిడ్డ వైద్యం ఏమవుతాయన్న ప్రశ్న మాత్రం నేటికీ ఎవరికీ పట్టినట్లు లేదు. చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్ననే విజ్ఞులైన పాఠకుల ముందుంచదలచినాము.

మేడ్చల్ రహదారి మీద, ఔటర్ రింగు రోడ్డు కూడలిని ఆనుకొని ఉన్న మన కండ్లకోయనే చూడండి. ఒకప్పటి సేద్యపు గ్రామం చుట్టూ నేడు కళాశాలలు, గిడ్డంగులు వెలిశాయి. పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు ఒక్క గది అద్దెకు తీసుకొని కాలం వెళ్లదీస్తుంటారు. అట్టిచోట భర్తను కోల్పోయిన ఒక యువతి, తన బిడ్డతో సహా, కర్మాగారంలో పనిచేసే ఒక వ్యక్తితో కొత్త సంసారం ఆరంభించినదనుకొందాము. ఆమె హిందువైనా, ముసల్మానైనా, క్రైస్తవురాలైనా ప్రభుత్వ కార్యాలయంలో లెక్క ఒక్కటే.

మొట్టమొదట పోయేది ఆసరా పింఛను. 2014లో నెలకు 1000 రూపాయలతో మొదలై 2019లో 2016 రూపాయలకు పెరిగిన ఈ పింఛను వితంతువు అన్న హోదాకు ముడిపడినది. హోదా మారితే పింఛనూ ఆగుతుంది. 2017లో ఒంటరి మహిళలకు ఏర్పరచిన పింఛనుకూ ఇదే నియమం. మగతోడు లభించినది గనుక పోషణ కూడా లభించినదని ఏలినవారి ఊహ కాబోలు! ఆ మగతోడు కూలి ఎంత, అతని తలమీద ఇదివరకే ఉన్న బరువులేమిటి అని అడిగే గడి దరఖాస్తులో ఎక్కడా కానరాదు. అందుచేత పెళ్లిని బయటపెట్టకుండా దాచుకోవాలన్న తలంపు పేదరాలికి కలిగితే ఆశ్చర్యమేమున్నది? అయితే దాచిన పెళ్లికి ధ్రువపత్రం ఉండదు. రేపు అతడు విడిచిపోయినా, ప్రమాదంలో మరణించినా, తాను భార్యనని నిరూపించుకోలేక ఆమె రెండవసారి వీధిన పడుతుంది.

బియ్యం విషయం కొంత మేలు. మనిషికి 6 కిలోల చొప్పున ఇచ్చేది గనుక బిడ్డ ఏ ఇంటికి పోయినా వాటా వెంట పోవాలి. కాని పాత కార్డులో పేరు తీయించి కొత్త కార్డులో ఎక్కించేవరకు పడే తిప్పలు అనుభవించినవారికే ఎరుక.

అన్నిటికన్న మమ్ము కలవరపెట్టేది బిడ్డ సంగతి. 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టం కార్మికుని కుటుంబంలో ధర్మజ సంతానాన్ని, దత్త సంతానాన్ని పేర్కొన్నది. భార్య వెంట వచ్చిన బిడ్డ ప్రసక్తి లేదు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి కూడా ఆ పాత మాటలనే తిరిగి వ్రాసుకొన్నది. మారుతండ్రి కంచంలో తింటున్న పసివాడు అతని బీమా కార్డులో మాత్రం పరాయివాడు.

దత్తత తీసుకోరాదా అని కొందరు ప్రశ్నింపవచ్చును. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారమైనా, అన్ని మతాలవారికీ వర్తించే 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారమైనా, దత్తతతో బిడ్డకు జన్మనిచ్చిన కుటుంబంతో బంధం తెగుతుంది. చనిపోయిన తండ్రి వైపు తాత, నాయనమ్మ బ్రతికి ఉండగా, మందుల చీటీ కోసం ఆ పసివాడు వారికి మనుమడు కాకుండా పోవాలా?

చరిత్రలోకి తొంగిచూస్తే ఒక విచిత్రం గోచరిస్తుంది. వితంతు వివాహాన్ని చట్టబద్ధం చేసిన 1856 చట్టమే, మరల పెళ్లాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తిపై హక్కు లేకుండా చేసింది. ఆ చట్టం 1983లో రద్దయింది. పింఛను కార్యాలయాలలో దాని ఆత్మ ఇంకా సంచరిస్తూనే ఉన్నది! ముస్లిం ధర్మశాస్త్రంలోనైతే సంతానమున్న వితంతువుకు భర్త ఆస్తిలో ఎనిమిదవ వంతు చెందుతుంది. ఇద్దత్ గడచిన పిదప మరల నికా చేసుకొన్నంత మాత్రాన ఆ వంతును ఎవరూ తిరిగి అడుగజాలరు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన వీరేశలింగంగారికి కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారి ధనసహాయం అవసరమైనదన్న సంగతి కూడా మరువరాదు. ఉపన్యాసాలతో సంసారాలు నిలబడవని ఆనాటివారికి తెలుసు.

మార్గం లేకపోలేదు. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకంలో వితంతువు మరల పెళ్లాడితే ఆమె పింఛను ఆగుతుంది గాని, బిడ్డలకు అనాథ పింఛను క్రింద దానిలో 75 శాతం చొప్పున అందుతుంది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల విషయంలో, సంతానం లేని వితంతువుకు, ఆమె ఆదాయం పరిమితికి లోబడి ఉన్నంతవరకు, మరల పెళ్లాడినా కుటుంబ పింఛను కొనసాగించవచ్చునని 2006 నుంచి నియమం ఉన్నది. ఉద్యోగి కుటుంబంపై చూపిన ఈ ఔదార్యం కూలివాని కుటుంబంపై చూపరాదా?

మేము కోరేది స్వల్పం. వివాహం నమోదైన తరువాత కనీసం రెండేళ్లపాటు ఆసరా కొనసాగించాలి. అటుపిమ్మట అందులో కొంత భాగాన్ని బిడ్డకు 18 సంవత్సరాలు నిండేవరకు బిడ్డ పేరనే ఇవ్వాలి. బీమా చట్టంలో ధర్మజ, దత్త అన్న మాటల ప్రక్కన, భార్య లేక భర్త వెంట వచ్చిన సంతానం అన్న మాటలు చేర్చాలి. ఇక కార్డులో పేరు మార్పు, పింఛను, బీమా అన్నిటికీ మీసేవ కేంద్రంలో ఒకే దరఖాస్తు చాలునని ఉత్తర్వు వెలువరిస్తే, ఆ తల్లి మూడు కార్యాలయాల చుట్టూ తిరుగుతూ మూడు దినాల కూలి పోగొట్టుకోనక్కరలేదు.