తీసేయడం వేరు, తగ్గించడం వేరు

2013లో ఫేస్‌బుక్ ఉద్యోగులు కొందరు ఆఫ్రికా వెళ్లారు. రకరకాల ఆండ్రాయిడ్ ఫోన్లు కొని, తమ యాప్‌నే వాడి చూశారు. తెరుచుకోవడానికే తంటాలు పడింది, మాటిమాటికీ ఆగిపోయింది. నెల మొత్తానికని వేయించుకున్న డేటా 40 నిమిషాల్లో ఖాళీ!

అలాంటి ఆండ్రాయిడ్ ఫోన్ల కోసమే 2016 అక్టోబరులో ఫేస్‌బుక్ మెసెంజర్‌కు తేలిక రూపంగా మెసెంజర్ లైట్ వచ్చింది. కెన్యా, ట్యునీషియా, మలేసియా, శ్రీలంక, వెనెజువెలాలో మొదలు. 10 ఎంబీ లోపే. మెసేజ్, ఫొటో, లింకు, స్టిక్కర్లతో సరి. ఆటల్లేవు, బాట్లు లేవు. వీడియో కాల్ 2018లో గానీ రాలేదు. ఇలాంటి దేశాలకని చేసినదాన్ని మరుసటి ఏడే జర్మనీ, జపాన్, అమెరికాలకూ పంపారు. పాత ఫోన్లు, సిగ్నల్ అందని మూలలు అక్కడా ఉంటాయి మరి.

ఈలోగా ఐఫోన్‌లోని పూర్తి మెసెంజర్ 2018 నాటికి 130 ఎంబీ దాటింది. అప్పుడు కంపెనీ దాన్ని మొదటినుంచీ తిరగరాసింది. 2020లో బయటికొచ్చిన ఆ యాప్‌లో 17 లక్షల లైన్ల కోడ్ 3 లక్షల 60 వేలకు దిగింది. సైజు నాలుగో వంతయింది, తెరుచుకునే వేగం రెట్టింపయింది. నాకు నచ్చిన సంగతి, ఆ బరువు ఎక్కడ దొరికిందన్నది. పరిచయస్తుల జాబితా చూపే తెరలే 40 దాకా ఉన్నాయట, ఒకే ఇంట్లో నలభై పొయ్యిల మీద అదే పప్పు ఉడుకుతున్నట్టు. వాటన్నిటికీ కలిపి ఒకే మూస పెట్టారు. ఫోన్ తనంతట తాను చేయగల పనుల్ని ఫోన్‌కే వదిలేశారు, కొన్నిటిని సర్వర్‌కు అప్పగించారు.

లైట్ చేసేవాళ్లు వాడుకరికి ఏది లేకపోయినా ఫర్వాలేదో తేలుస్తారు. తిరగరాసేవాళ్లు తాము చేసిన దుబారాను వెతుక్కుంటారు. నా ఓటు రెండోదానికే. పైగా లైట్ అన్న పేరుతో బరువు ఆగదు. 2017లో మన దేశం కోసం వచ్చిన స్కైప్ లైట్ 13 ఎంబీయే, తెలుగులోనూ పలికింది; అయినా ఆ ఏడాదే అందులో బాట్లు, ఎస్సెమ్మెస్ వడపోత, ఆధార్ ధ్రువీకరణ చేరిపోయాయి.

మన బ్యాంకుల, ప్రభుత్వ శాఖల యాప్‌లకు వేరే లైట్లు అక్కర్లేదు. వాటిని రాసేవాళ్లు చవక ఫోనొకటి కొనుక్కుని, టవర్ సరిగా అందని ఊళ్లో ఓ పూట కూర్చుంటే ఏం తగ్గించాలో తెలుస్తుంది.

చివరికి ఆండ్రాయిడ్ మెసెంజర్ లైట్‌ను 2023 సెప్టెంబరులో మూసేసి, అసలు యాప్‌కు రమ్మన్నారు. 2020లో అంత గొప్పగా చిక్కిపోయింది మాత్రం ఐఫోన్ యాప్.