పడుగు మీద పేక: జాజ్ సంగీతం వినడం ఎలా?



ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎమ్మిగనూరునుంచి ఏడో తరగతి అమ్మాయి రాసినది ఒకటి ఉన్నది. వాళ్ళ ఇంట్లో మగ్గం ఉన్నదట. "అయ్యవారూ, మా అన్న బెంగుళూరులో చదువుకుంటున్నాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా ఫోనులో జాజ్ పెట్టుకొని వింటాడు. మా నాయనేమో, 'ఇదేం పాటరా, ఎవరి వాయింపు వాళ్ళదే, సంతలో గోల మాదిరి ఉంది' అంటాడు. ఇద్దరిలో ఎవరిది నిజం? జాజ్‌ను ఎట్లా వినాల?" అని అడిగింది.

మంచి ప్రశ్న. దీనికి జవాబు ఆ అమ్మాయి ఇంట్లోనే, మగ్గం మీదనే ఉన్నది!

మగ్గం చూడనివారికోసం చెబుతాను. నేతగాడు ముందుగా నిలువు దారాలను బిగించి కడతాడు. అది పడుగు. తరువాత నాడె అటూ ఇటూ పరుగెత్తి అడ్డదారం వేస్తుంది. అది పేక. పడుగు మొదటినుంచి చివరిదాకా కదలకుండా ఉంటుంది. పేకలో నేతగాడు రంగు మార్చవచ్చు, పువ్వు వెయ్యవచ్చు. అతని పనితనం కళ్ళకు కనిపించేది అక్కడే. కాని పడుగు లేనిదే పేక నిలవదు.

జాజ్ కూడా ఇంతే. ఒక చిన్న పాట వరస, దాని కింద స్వరాల కట్టు, తాళపు లెక్క, ఇదంతా పడుగు. చాలా పాటల్లో ఈ కట్టు 12 గుంపులో, 32 గుంపులో ఉంటుంది. ఒక్కొక్క గుంపులో సాధారణంగా నాలుగు దెబ్బలు. అవి పూర్తి కాగానే మళ్ళీ మొదటికి వస్తారు. డ్రమ్ములు వాయించే ఆయన, బేస్ అనే మనిషెత్తు ఫిడేలును వేళ్ళతో మీటే ఆయన, పియానో వాయించే ఆయన ఈ పడుగును బిగువు సడలకుండా పట్టుకుంటారు. దాని మీద ట్రంపెట్ గాని శాక్సఫోన్ గాని అప్పటికప్పుడు కల్పించిన వరసలతో పేక వేస్తుంది. ఒకరి వంతు కాగానే ఇంకొకరు అందుకుంటారు. మన కచేరీలో విద్వాంసుడు కల్పనస్వరాలు పాడి, ఎంత దూరం పోయినా మళ్ళీ పాట ఎత్తుగడకు వచ్చి కలుస్తాడు, చూశారా? ఇదీ అటువంటిదే. పడుగు అందని చెవికి ఇది గోలగానే ఉంటుంది. పడుగు అందితే బట్ట కనిపిస్తుంది. కనుక అన్నా నాయనా ఇద్దరూ తమకు వినిపించినదే చెబుతున్నారు.

ఈ నేత ఎక్కడ మొదలయినదో ఇప్పుడు చూద్దాం. దీని కథలో మన ఆదోనికి బాగా తెలిసిన పంట ఒకటి వస్తుంది. అదే పత్తి.

ఆదోని జిన్నింగు మిల్లుల్లో దూదినుంచి గింజను వేరుచేసే యంత్రాన్ని మీలో కొందరు చూసే ఉంటారు. 1793లో అమెరికాలో ఎలీ విట్నీ అనే ఆయన ఇటువంటి యంత్రం ఒకటి తయారు చేశాడు. అంతకుముందు గింజ తీయడానికి రోజులు పట్టేది. యంత్రం వచ్చింది గనుక కూలీల కష్టం తగ్గి ఉంటుందని అనుకుంటున్నారా? జరిగింది వేరు. గింజ తీయడం తేలిక కాగానే అక్కడి భూస్వాములు ఇంకా ఎన్నో వేల ఎకరాల్లో పత్తి వేశారు. చేలో పత్తి తీసే పని మాత్రం మనుషుల చేతులదే. ఆ చేతులకోసం, ఆఫ్రికానుంచి ఓడల్లో తెచ్చిన వారినీ వారి సంతతినీ పశువులను కొన్నట్టు కొన్నారు.

ఆ బానిసలకు సొంత పేరు మిగలలేదు, సొంత భాష మిగలలేదు. చాలాచోట్ల డోలు కొట్టడం కూడా నేరమే. గొంతు మాత్రం మిగిలింది. చేలో ఒకరు పాట ఎత్తుకుంటే తక్కినవారు అందుకునేవారు. మన పల్లెల్లో చెక్కభజనలో ఒకరు పాడగా అందరూ వంత పాడినట్టే అనుకోండి. 1861 నుంచి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం జరిగింది. అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు రావడం ఆగిపోయి, మన దేశపు పత్తికి ధర విపరీతంగా పెరిగింది. బళ్ళారి, కర్నూలు నల్లరేగడి పత్తి కూడా ఓడలెక్కింది. 1865లో అమెరికాలో బానిసత్వం చట్టరీత్యా రద్దయింది.

పొలం పాటలు, చర్చి పాటలు, మన పెళ్ళి ఊరేగింపుల్లో వచ్చే బ్యాండుమేళం వంటి మేళాలు, ఇవన్నీ న్యూ ఆర్లీన్స్ అనే రేవు పట్నంలో కలిశాయి. సుమారు 1900 ప్రాంతంలో ఆ కలయికలోనుంచి పుట్టినదే జాజ్. 1917లో జాజ్ మొదటిసారి రికార్డు ప్లేటుకు ఎక్కింది. వాయించినది మాత్రం దాన్ని పుట్టించిన నల్లవారు కాదు, ఒక తెల్లవారి బృందం!

1901లో ఆ పట్నంలోనే ఒక బీద పేటలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టాడు. 1912 డిసెంబరు 31 రాత్రి కొత్త సంవత్సరం సంబరంలో పిస్తోలు గాలిలోకి పేల్చాడు. పోలీసులు పట్టుకొని బాలనేరస్థుల ఆశ్రమానికి పంపించారు. అక్కడి బ్యాండులో కార్నెట్ అనే బూర వాయించడం బాగా నేర్చుకున్నాడు. ఆ పిల్లవాడే 1928లో "వెస్ట్ ఎండ్ బ్లూస్" అనే రికార్డు ఇచ్చాడు. ఆనాటి ప్లేటు నిమిషానికి 78 సార్లు తిరిగేది. ఒక వైపున సుమారు మూడు నిమిషాల పాట పట్టేది. ఆ మూడు నిమిషాల్లో మొదటి కొద్ది సెకండ్లు ఆర్మ్‌స్ట్రాంగ్ తోడు ఎవరూ లేకుండా ట్రంపెట్ వాయిస్తాడు. జాజ్ వినడం అక్కడినుంచి మొదలు పెట్టండి. పొట్టిగా ఉంటుంది, తేటగా ఉంటుంది.

తరువాత డ్యూక్ ఎల్లింగ్టన్‌ను వినండి. ఇది పదిహేను మంది దాకా ఉండే పెద్ద మేళం. జనం నాట్యం చేయడానికి వాయించేవారు. ఎల్లింగ్టన్ గొప్పతనం ఏమిటంటే, తన మేళంలో ఎవరి వాద్యం పలుకు ఎటువంటిదో ఎరిగి, వారి వారికి తగ్గట్టు సంగీతం రాసేవాడు. 1941 నాటి "టేక్ ది ఏ ట్రెయిన్" వినండి. దాన్ని రచించినది ఆయన సహచరుడు బిల్లీ స్ట్రేహార్న్. 1963లో ఈ బృందం మన దేశానికి వచ్చి హైదరాబాదులో కూడా వాయించింది.

1945 ప్రాంతంలో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ అనే యువకులు జాజ్ నడకనే మార్చివేశారు. ఇది నాట్యానికి కాదు, కూర్చుని వినడానికి. నాడె కంటికి కనిపించనంత వేగంగా పరుగెత్తుతుంది. దీన్ని మొదటనే వింటే బెదిరిపోతారు. కాబట్టి మూడో మెట్టుగా ఉంచుకోండి.

ఇంతలో, 1948లో, లాంగ్ ప్లే రికార్డు వచ్చింది. ఒక వైపున ఇరవై నిమిషాలకు పైగా పట్టేది. అంతకుముందు చాలా ప్లేట్లను ఫోటోల ఆల్బమ్ వంటి అట్టల పుస్తకంలో పెట్టి అమ్మేవారు. అందుకే ఇప్పటికీ పాటల సంపుటిని ఆల్బమ్ అంటున్నాం. ప్లేటు పెద్దదయ్యేసరికి వాయించేవారికి నిదానంగా ఆలోచించే వ్యవధి దొరికింది.

ఆ నిదానం వినాలంటే 1959లో మైల్స్ డేవిస్ ఇచ్చిన "కైండ్ ఆఫ్ బ్లూ" వినండి. అందులో మొదటిది "సో వాట్". దాని 32 గుంపుల్లో మొదటి 16 ఒకే స్వరవరస మీద నడుస్తాయి. తరువాతి 8 అదే వరసను అర్ధస్వరం పైకి ఎత్తి, చివరి 8 మళ్ళీ కిందికి వస్తాయి. ఆ వరస మన ఖరహరప్రియ స్వరాలే! గమకాలు లేవు గనుక అది ఖరహరప్రియ రాగం అనకూడదు. అయినా సంగీతం నేర్చుకునే పిల్లలు చప్పున గుర్తుపడతారు.

అదే సంవత్సరం డేవ్ బ్రూబెక్ బృందం "టేక్ ఫైవ్" వాయించింది. అంతకుముందు ఏడు వారు మన దేశంలో పర్యటించి వెళ్ళారు. ఈ పాటలో దెబ్బలు అయిదు. "తకిట తక, తకిట తక" అని చేత్తో వేసి చూడండి. మన ఖండచాపు కూడా అయిదే. అయితే అక్కడ రెండు ముందు, మూడు తరువాత.

మన తెలుగువారికీ ఇందులో వాటా ఉన్నది. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్, జాజ్ గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో, తబలా జాకిర్ హుస్సేన్‌తో కలిసి "రిమెంబర్ శక్తి" బృందంలో దేశదేశాలా వాయించారు. 2014లో 45వ ఏటనే కన్నుమూశారు. ఆయన రికార్డులు నిలిచి ఉన్నాయి.

ఈ సంగీతాన్ని ఇంత శ్రద్ధగా ఎందుకు వినాలో కూడా చెబుతాను. ఎల్లింగ్టన్ బృందం అమెరికా దక్షిణ రాష్ట్రాలకు పోతే హోటళ్ళలో గది ఇచ్చేవారు కాదు. అందుకని 1930లలో వారు రైలు పెట్టెలనే అద్దెకు తీసుకొని, వాటిలోనే తిని, వాటిలోనే పడుకున్నారు. "కైండ్ ఆఫ్ బ్లూ" 1959 ఆగస్టు 17న వెలువడింది. పది రోజులైనా గడవకముందే, న్యూయార్కులో తాను వాయిస్తున్న క్లబ్బు వాకిట నిలుచున్న మైల్స్ డేవిస్‌ను పోలీసులు తలమీద రక్తం కారేలా కొట్టారు. బయట నోరెత్తనివ్వని లోకం. లోపల వాద్యం పట్టుకుంటే ప్రతివాడికీ ఒక వంతు! ఆ వంతు వచ్చినప్పుడు తక్కినవారు తగ్గి, విని, అతనికి పడుగు పట్టేవారు. జాజ్ నేర్పే పెద్ద పాఠం ఇదే. మాట్లాడే వంతు అందరిదీ. ఎదుటివాడి వంతులో అతనికి ఆసరాగా ఉండటం మన పని.

సరే, వినే పద్ధతి చెబుతాను. ఒకే పాటను నాలుగుసార్లు వినండి. మొదటిసారి చేత్తో తాళం వెయ్యండి. రెండోసారి బేస్ ఒక్కదాన్నే వెంబడించండి. మూడోసారి ఒక్క వాద్యాన్ని ఎంచుకొని అది ఏమి చెబుతున్నదో వినండి. నాలుగోసారి, మొదటి వరస మళ్ళీ ఎక్కడ వస్తుందో కనిపెట్టి చెయ్యెత్తండి. ఫోనులో పాటలు వేలకు వేలు దొరుకుతాయి. పది సెకండ్లకొకటి మార్చుకుంటూ పోతే మాత్రం ఒక్కటీ మీది కాదు.

పెద్దలకు ఒక మాట. పిల్లలు పెట్టిన పాట నచ్చకపోతే కట్టెయ్యమనడానికి ముందు, "దీనిలో నీకేం వినిపించింది, నాయనా?" అని అడగండి. అలాగే మీకు నచ్చిన భజననో పద్యాన్నో వాళ్ళకు వినిపించండి. ఇంట్లో కూడా వంతులు ఉండాలి గదా!

ఈ నెల మీ పని: "సో వాట్" పై పద్ధతిలో నాలుగుసార్లు వినండి. ట్రంపెట్ తరువాత ఎవరెవరు ఏ వరసలో అందుకున్నారో ఒక కార్డు మీద రాసి పంపండి. జవాబు వచ్చే నెల చెబుతాను.