ఊరిని కలుపుకొనుటకు ముందు ఊరి మాట వినవలెను

హోసూరు, కృష్ణగిరి సీమల తెలుగువారము నిన్న మొన్న ఇచటికి వచ్చినవారము కాము. మేము కదలలేదు; మా చుట్టూ గీతలు కదిలినవి. 1953లో ఆంధ్ర రాష్ట్రము వేరుపడినప్పుడు మేము మదరాసు రాష్ట్రములోనే నిలిచితిమి. సేలం జిల్లా నుండి 1965లో ధర్మపురి, ధర్మపురి నుండి 2004లో కృష్ణగిరి ఏర్పడినవి. ఒకే ఇంటి అరుగుమీద తాత సేలం జిల్లావాడు, తండ్రి ధర్మపురి జిల్లావాడు, మనుమడు కృష్ణగిరి జిల్లావాడు అయినాడు. ఆ మార్పులన్నిటిని మేము సహించితిమి. ఏలయన ఏ జిల్లాలో నున్నను ఊరు ఊరుగానే యుండెను.

ఇప్పుడు వచ్చిన చిక్కు వేరు. ఇది ఊరినే మాపునట్టిది. 2011లో మత్తిగిరి పట్టణ పంచాయతీ, జూజువాడి, మూకండపల్లి, ఆవలపల్లి, చెన్నత్తూరు పంచాయతీలు హోసూరు పురపాలికలో కలిసినవి. 2019లో హోసూరు కార్పొరేషన్ అయినది. 2022 ఎన్నికలనాటికి 45 వార్డులు. నగరము పెరుగుట తప్పని మేమనము. కర్మాగారములు వచ్చినవి, మా బిడ్డలకు పనులు దొరికినవి. రోడ్లు, మురుగు కాలువలు, కొళాయి నీరు మాకును కావలెను. కాని కాలువ వచ్చుటకు నోరు మూయవలెనా?

పంచాయతీలో గ్రామసభ యున్నది. ఓటరు ప్రతివాడును దానిలో సభ్యుడే. గణతంత్ర దినమున, గాంధీ జయంతినాడు రైతు లేచి నిలిచి చెరువు పూడిక లెక్క తన మాటలో అడుగవచ్చును. నగరములో ఆ రైతు వార్డు కౌన్సిలరు ద్వారా మాటాడవలసినవాడే. ఏరియా సభలు వచ్చినవందురు. కాని రాజ్యాంగము 243ఏ అధికరణములో గ్రామసభకిచ్చిన స్థానము వానికి లేదు. అదిగాక గ్రామీణులకుద్దేశించిన ఉపాధి హామీ నగరవాసికి వర్తింపదు. ఇంటిపన్ను మాత్రము పెరుగును. 2025 ఆరంభమున ప్రభుత్వము రాష్ట్రములో అనేక నగరముల పొలిమేరలు పెంచబూనగా పలు జిల్లాల పల్లెవారు నిరసించినది ఇందుకే. ఆ జనవరి 5వ తేదీతోనే 2019లో ఎన్నికైన పంచాయతీల గడువు తీరి, ప్రత్యేకాధికారుల పాలన వచ్చినది. ఊరి పక్షమున కాదనుటకు ఎన్నికైన పంచాయతీయే లేనివేళ ఊరి హద్దులు మార్చ యోచించుట న్యాయమా?

తెలుగు పల్లెలకు మరియొక నష్టమున్నది. దానిని మనవారే సరిగా గుర్తింపలేదు. భాషాల్పసంఖ్యాకుల రక్షణకై 1956లో కేంద్ర ప్రభుత్వము ఒప్పుకొన్న సూత్రములలో, పురపాలక ప్రాంతమునగాని తాలూకాలోగాని 15 మొదలు 20 శాతము వరకు ఒక భాషవారున్నచో ప్రభుత్వ ప్రకటనలను, నిబంధనలను వారి భాషలోను అచ్చువేయుట మేలని యున్నది. తెలుగువారే అధికులైన పల్లెను పలుభాషల మహానగరములో కలిపినచో ఆ శాతము కరగిపోవును. మనుషులు తగ్గరు, లెక్క తగ్గును. లెక్కతోపాటు హక్కు తగ్గును. ఫిన్లాండులో 8 శాతమున్నను, లేక 3000 మంది యున్నను ఆ పురపాలికను ద్విభాషా ప్రాంతముగా ఎంచుదురు. శాతముతోపాటు మనుషుల సంఖ్యను గూడ చూచుటచే హద్దులు పెరిగినను హక్కు చెక్కుచెదరదు. మనకు అట్టి కట్టడి ఏల యుండరాదు?

ఇట్లడిగిన వెంటనే కొందరు మమ్ము వేర్పాటువాదులందురు. తమిళము మాకు పరాయిది కాదు; సంతలో, బడిలో, పనిలో మా నాలుకపై నిత్యము ఆడునదే. సరిహద్దు తిరిగి గీయుమని మేము కోరుటలేదు. 2024 జూన్‌లో మన కృష్ణగిరి పార్లమెంటు సభ్యుడు గోపీనాథ్ లోక్‌సభలో తెలుగున ప్రమాణము చేసి, చివర తమిళనాడుకు జై కొట్టెను. ఆ రెండు మాటలకును మధ్య విరోధమెక్కడ? ఢిల్లీ సభలో చెల్లిన పలుకు హోసూరు వార్డు సభలో చెల్లదా? రాజ్యాంగము 350వ అధికరణము దేశములోగాని రాష్ట్రములోగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను ఏ అధికారికైనను మొర పెట్టుకొను హక్కును ప్రతివానికి ఇచ్చినది. తెలుగు అర్జీని త్రోసిపుచ్చువాడు త్రోయునది కాగితమును కాదు, రాజ్యాంగమును.

కనుక మేము కోరునవి మూడే. ఎన్నికైన పంచాయతీ యుండగా, గ్రామసభ అభిప్రాయము తీసికొనిన తరువాతనే విలీనమును గూర్చి యోచింపవలెను. అభ్యంతరములడుగు ప్రకటన తమిళముతోపాటు తెలుగులోను, కన్నడమువారున్నచోట కన్నడములోను వెలువడవలెను. విలీనమైన పల్లెలకు పాత హద్దులననుసరించియే వార్డులు ఏర్పరచి, అచటి సభలలో ప్రజల భాషలో చర్చ సాగనీయవలెను.

మనవారికిని ఒక మాట. హక్కు చట్టములో నుండిన చాలదు, నోట నుండవలెను. గ్రామసభనాడు ఇంట కూర్చుండి, ఊరు పోయిన తరువాత రచ్చబండకడ వాపోయిన ఫలమేమి? ఆనాడు ఇంటికొక్కరైనను వెళ్లుదము; అర్జీ తెలుగున వ్రాయుదము; అందినట్లు రసీదు అడుగుదము. తలుపు తట్టి లోనికి వచ్చినవాడు చుట్టము. నగరము తలుపు తట్టి రావలెను. అప్పుడు పీట వేయుటకు మేము సిద్ధము.