నీళ్ల తుపాకి గొట్టం చెప్పిన మాట

పోయిన నెల కుక్కర్ వాషరు గురించి రాశాను కదా, అది చదివి బాగేపల్లి నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. "వాషరు సంగతి సరేన్నా, నీ అల్లుడు నీళ్ల తుపాకి చెడిపోయిందని అన్నం తినకుండా కూచున్నాడు. ముందు దాన్ని చూడు" అనింది. ఆ తుపాకి నేను కొనిచ్చిందే. నిరుడు శివరాత్రికి నంది జాతరలో, తేరు చూసి వస్తా తీసుకున్నాము. ఆదివారం షిఫ్టు లేదు, చిక్కబళ్లాపురంలో బస్సెక్కి పోయాను.

"మామా, ఎంత పంపు కొట్టినా ఉమ్మినట్టు పడతాంది" అన్నాడు పిల్లోడు. పంపు బాగానే ఉంది, పైన పగులు లేదు. ఎండాకాలమంతా మిద్దె మీద పడేసి పెట్టినారంట. అప్పుడే అనుకున్నాను, లోపలి గొట్టం పోయిందని.

ఈ బొమ్మల్లో రెండు గొట్టాలుంటాయి. ఒకటి ట్యాంకు నుంచి పంపుకు నీళ్లు పీల్చేది, ఇంకొకటి పంపు నుంచి మూతికి తోసేది. తోసే గొట్టం పగిలితే పిడి కింద నీళ్లు కారతాయి, కంటికి కనపడుతుంది. పీల్చే గొట్టం పగిలితే చుక్క కూడా కారదు. నీళ్లతో పాటు గాలిని లాగుతుంది, అందుకే ఉమ్మినట్టు పడుతుంది. చాలామంది పంపు పోయిందనుకొని పారేసేది ఇక్కడే.

విప్పే ముందు నీళ్లు పారబోసి, మీట నొక్కి లోపలి ఒత్తిడంతా వదలండి. మరలు విప్పి పళ్లెంలో వేసుకోండి. పై సగం తీసిన వెంటనే మొబైల్‌లో ఒక ఫోటో తీసుకోండి, స్ప్రింగు ఎగిరిపోతే మళ్లా ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. మరలు లేకుండా అంటించేసిన తుపాకి అయితే విప్పబోవద్దు, పగులుతుంది.

గొట్టాన్ని పట్టి లాగితే ప్లాస్టిక్ మూతి విరిగిపోతుంది. బ్లేడుతో పొడుగ్గా గీరి ఒలిచేయాలి. ఆ పని పెద్దోళ్లే చేయాలి. చివర మాత్రమే పగిలుంటే అర అంగుళం కోసి మళ్లా తొడిగితే చాలు. మావాడిది మొత్తం బిర్రుగా అయిపోయింది. వాడు చేతిలోకి తీసుకొని వంచితే టక్కున విరిగింది. "ఇది మెత్తగా ఉండేది కదా మామా?" అన్నాడు. ఈ రకం ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచేదానికి నూనె లాంటి మందు కలుపుతారు. ఎండకు, వేడికి అది కొంచెం కొంచెంగా పోతుంది. పైకి గొట్టం గొట్టంలాగే ఉంటుంది, లోపల ప్రాణం ఉండదు.

విరిగిన ముక్క జేబులో వేసుకొని వచ్చాను. బుధవారం మిల్లు సామాన్లకు చింతామణి పోయినప్పుడు హార్డ్‌వేర్ అంగట్లో చూపించాను. మేస్త్రీలు మట్టం చూసే తెల్ల పైపులోనే సన్నది దొరికింది, మూర కొన్నాను. గొట్టం లోపలి వెడల్పు మూతికంటే ఒక పిసరు తక్కువ ఉండాలి. గోడ మరీ పల్చగా ఉంటే పీల్చేటప్పుడు నొక్కుకుపోతుంది. మందు కొట్టే స్ప్రేయరు గొట్టం, ఆస్పత్రిలో వాడేసిన సెలైన్ గొట్టం మాత్రం ఊరికే వచ్చినా వద్దు. పిల్లలు ఆ మూతిని నోట్లో పెట్టుకుంటారు.

మరుసటి ఆదివారం ఇద్దరం కూచున్నాము. గొట్టం చివర వేడినీళ్లలో అర నిమిషం ముంచి తొడిగాను, చల్లారితే అదే బిగుసుకుంటుంది. పైన నైలాన్ దారంతో రెండు చుట్లు కట్టాను. బంక పూయలేదు, అది ఎండి పగులుతుంది. గొట్టం ఎక్కడా మడత పడకుండా, రెండు సగాల మధ్య నలగకుండా చూసి మూసేశాము.

"దీన్ని ముందు ఎవరు చేసినారు మామా?" అన్నాడు. లానీ జాన్సన్ అని అమెరికాలో ఒక నల్లజాతి ఇంజనీరు. చిన్నప్పుడు వాళ్ల నాయనే పిల్లలకు బొమ్మలు సొంతంగా చేసుకునేది నేర్పించినాడంట. 1982లో ఇంట్లో బాత్‌రూమ్‌లో వేరే పంపు ఏదో పరీక్ష చేస్తుంటే నీళ్లు జోరుగా చిమ్మినాయి. ఇది మంచి బొమ్మ అవుతుందే అనుకున్నాడు. పైపు ముక్కలు, ఖాళీ కూల్‌డ్రింక్ సీసా పెట్టి మొదటిది చేసినాడు. 1990లో గాని అది అంగళ్లకు రాలేదు. "అంటే సీసాతో మనం కూడా చేయొచ్చు" అన్నాడు మా అల్లుడు.

తులసి చెట్టు మీదికి గురి పెట్టి కొట్టినాడు. ధార గోడ దాటింది. నీళ్లు నింపుకొనేదానికి లోపలికి పోయినోడు వంటగదిలో నుంచి పిలిచినాడు. "మామా, ఈ గొట్టం కూడా అట్లే బిర్రుగా ఉందే."

పొయ్యి కింద గ్యాస్ గొట్టం. మసి తుడిచి చూస్తే దాని మీద అచ్చేసిన గడువు దాటి రెండేండ్లయింది. వంచితే సన్నగా గీతలు తేలినాయి. అదొకటే గది. పొయ్యికి నాలుగడుగుల్లో పిల్లోడు పడుకునే చాప. అప్పుడే రెగ్యులేటర్ ఆపించి, మరుసటి రోజు కొత్త గొట్టం వేయించాము.

నీళ్ల తుపాకి గొట్టాన్ని కోసి, తొడిగి, కట్టి వాడుకోవచ్చు. గ్యాస్ గొట్టానికి ఆ లెక్క చెల్లదు. దానికి మరమ్మతు లేదు, మార్చడమే. ఐ.ఎస్.ఐ. గుర్తున్న సురక్షా గొట్టమే తీసుకోండి. అయిదేండ్లకొకసారి మార్చాలి, పగులు కనపడితే ఇంకా ముందే. లీకు ఉందా అని చూసేదానికి సబ్బు నురుగు పూయండి, బుడగలు వస్తే లీకు ఉన్నట్టే. అగ్గిపుల్ల మాత్రం గీయొద్దు.

ఒక మాట దాచుకోకుండా చెప్తాను. ఇరవై ఏండ్లుగా మిల్లులో ఆవిరి పైపులు చూసేవాణ్ని నేను. ఇంటికొచ్చి మా పొయ్యి కిందికి వంగి చూస్తే మాది కూడా గడువు దాటిపోయింది.

ఈ పుస్తకం పక్కన పెట్టి, ఒకసారి మీ పొయ్యి కిందికి వంగి చూడండి. వచ్చే నెల, మిక్సీ జార్ కింద నీళ్లు కారితే ఏం చేయాలో రాస్తాను.