పొట్టి పందెం

తెల్లవారుజామున ఐదింటికి చాంద్రాయణగుట్ట చౌరస్తాలో ఎప్పుడైనా బస్సు కోసం నిలబడ్డారా? హారన్ల మోత ఇంకా మొదలై ఉండదు. ఆ చల్లటి వేళ ఇద్దరో ముగ్గురో కుర్రాళ్లు రొప్పుతూ పక్కనుంచి పరుగెత్తుకుంటూ పోతారు. ఒళ్లు తగ్గించుకోవడానికి వచ్చినవాళ్లు కాదు వాళ్లు. తగ్గించుకోవడానికి అక్కడ ఒళ్లేదీ? కేంద్ర బలగాల కానిస్టేబుల్ పరీక్షలో మగపిల్లలు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో ముగించాలి. 25వ నిమిషంలో వచ్చినవాడికి ఎంత చదువున్నా ఇంటికి దారి చూపిస్తారు. సీఆర్పీఎఫ్ గ్రూప్ సెంటర్ ఉన్న పేట కాబట్టి ఆ ఉద్యోగం విలువ ఇక్కడ ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఈ పిల్లలు దీన్ని 'రన్నింగ్' అంటారు, అంతే. ఇంచుమించు ఇదే దూరానికి ఒకప్పుడు ప్రపంచ చాంపియన్‌షిప్ ఉండేదని, ఎనిమిదేళ్లు వెలిగి ఆరిపోయిందని చాలామందికి తెలియదు. దాని పేరు ప్రపంచ క్రాస్ కంట్రీ పురుషుల షార్ట్ రేస్.

క్రాస్ కంట్రీ అంటే ఎర్రటి ట్రాక్ మీద గీతల మధ్య పరుగు కాదు. గడ్డి, బురద, ఎత్తుపల్లాలు, అక్కడక్కడా అడ్డంగా దుంగలు. గుట్ట లేకపోతే కొన్నిచోట్ల మట్టి పోసి మరీ దిబ్బ కడతారు. పేరులోనే గుట్ట పెట్టుకున్న మన పేటకు ఇంతకంటే దగ్గరి ఆట ఇంకోటి ఉంటుందా! ప్రపంచ పోటీలు 1973లో బెల్జియంలో మొదలయ్యాయి. మగవాళ్లకు దాదాపు 12 కిలోమీటర్లు. అయితే 1500 మీటర్ల వీరులకు 12 కిలోమీటర్లు మరీ దూరాభారం. వాళ్లనీ రప్పిద్దామని 1998లో మొరాకోలోని మరాకెష్‌లో నాలుగు కిలోమీటర్ల పందెం కలిపారు. కెన్యాకు చెందిన జాన్ కిబోవెన్ గెలిచాడు. రెండోవాడు ఎవరనుకున్నారు? డేనియల్ కోమెన్. 1996లో అతను పెట్టిన 3000 మీటర్ల ప్రపంచ రికార్డును 2024 దాకా ఎవరూ చెరపలేకపోయారు. అంతటివాడికి కూడా ఆ రోజు రెండో స్థానమే దక్కింది.

నాలుగు కిలోమీటర్లంటే ఎంత? చౌరస్తాలో బయల్దేరి చార్మినార్ వైపు పరుగెడితే అలియాబాద్ దాటి శాలిబండ చేరే లోపే అయిపోతుంది. ఆటోలో పోయేవాళ్లకు ఆ సమయం సిగ్నళ్ల దగ్గరే సరిపోతుంది. ఈ పందెంలో గెలిచినవాళ్లు ఆ దూరాన్ని బురదలో, ఎత్తుపల్లాల మీద, పదకొండు పన్నెండు నిమిషాల్లో ముగించేవారు. 24 నిమిషాల లెక్కన పరుగెత్తే మన కుర్రాడు అప్పటికి రెండున్నర కిలోమీటర్ల దగ్గర, అంటే ఫలక్‌నుమా ప్రాంతంలో ఉంటాడు. కుర్రాడిని చిన్నబుచ్చడానికి చెప్పడం లేదు. అతనికి కోచ్ లేడు, మంచి బూట్లు కూడా ఉండకపోవచ్చు.

పన్నెండు కిలోమీటర్ల పందెంలో కాస్త వెనకబడితే సర్దుకోవచ్చు, ఊపిరి కూడదీసుకోవచ్చు. పొట్టి పందెంలో ఆ వెసులుబాటు లేదు. తుపాకీ పేలగానే వంద మందికి పైగా ఒక్కసారిగా ఎగబడతారు. వెడల్పుగా ఉన్న మైదానం కాసేపట్లోనే ఇరుకు బాట అవుతుంది. ఆ లోపు ముందు వరుసలో లేకపోతే మోచేతుల మధ్య ఇరుక్కుపోవాల్సిందే. పుష్కరాల రోజు ఘాట్ మెట్లు గుర్తు తెచ్చుకోండి.

ఇందులో నాకు బాగా నచ్చేది జట్టు లెక్క. ఒక్కో దేశం నుంచి ముందుగా వచ్చిన నలుగురి స్థానాలు కూడతారు. ఎవరి మొత్తం తక్కువో వాళ్లదే కప్పు. ఒకటి, రెండు, మూడు స్థానాలు మీవే అయినా నాలుగోవాడు యాభయ్యో స్థానంలో వస్తే మొత్తం 56. నలుగురూ పది, పదకొండు, పన్నెండు, పదమూడు స్థానాల్లో వచ్చిన జట్టుది 46. కప్పు వాళ్లు పట్టుకుపోతారు. టీవీ కెమెరా ఎప్పుడూ మొదటివాడి మీదే ఉంటుంది కానీ కోచ్ కళ్లు మాత్రం నాలుగోవాడిని వెతుకుతుంటాయి.

ఇక కెనెనిసా బెకెలె. ఇథియోపియాలోని బెకోజీ అనే చిన్న ఊరివాడు. సముద్రమట్టానికి దాదాపు 2,800 మీటర్ల ఎత్తున ఉంటుందా ఊరు. మన హైదరాబాద్ ఐదువందల పైచిలుకు మీటర్లే. 2001లో ఇంకా 19 నిండకుండానే జూనియర్ పందెం గెలిచి, అదే పోటీల్లో పెద్దవాళ్ల షార్ట్ రేస్‌లో రెండోవాడిగా వచ్చాడు. 2002లో డబ్లిన్‌లో షార్ట్, లాంగ్ రెండూ కొట్టేశాడు. మగవాళ్లలో అంతకుముందు ఎవరూ చేయని పని అది. (ఆడవాళ్లలో ఐర్లండ్ అమ్మాయి సోనియా ఓసలివన్ 1998లోనే ఆ పని చేసి చూపించింది.) తర్వాత 2003, 2004, 2005, 2006... ప్రతి ఏడూ రెండూ అతనివే.

వీటిలో 2005 సంగతి వేరు. ఆ ఏడాది జనవరి 4న ఆడిస్ అబాబా దగ్గర అడవిలో కాబోయే భార్య అలెమ్ తెచాలెతో కలిసి ప్రాక్టీసు చేస్తున్నాడు. పరుగెడుతూనే ఆమె కుప్పకూలింది. చిన్న వయసు పిల్ల. 2003లో ప్రపంచ యూత్ పోటీల్లో 1500 మీటర్ల చాంపియన్. మళ్లీ లేవలేదు. ఆ నెలాఖరునే బోస్టన్‌లో ఇండోర్ పందెంలోకి దిగిన బెకెలె ల్యాపులు తప్పు లెక్కపెట్టాడు. ఒక చుట్టు ముందే చివరి పరుగు అందుకుని ఓడిపోయాడు. మనసు ఎక్కడుందో కాళ్లే చెప్పాయి. మార్చిలో ఫ్రాన్స్‌లో క్రాస్ కంట్రీ. ఈసారి కుదరదనుకున్నవాళ్లే ఎక్కువ. రెండు రోజుల్లో రెండు పందేలూ గెలిచాడు.

2006లో జపాన్‌లోని ఫుకువోకాలో జరిగినదే ఆఖరి షార్ట్ రేస్. మరుసటి ఏడాది నుంచి రెండు రోజుల పోటీలను ఒక రోజుకు కుదించి దీన్ని ఎత్తేశారు. నా మటుకు ఇది తొందరపాటే. 1500 మీటర్లవాళ్ల కోసం పెట్టిన పందేన్ని అయిదేళ్లూ 12 కిలోమీటర్ల మొనగాడే ఎగరేసుకుపోయిన మాట నిజమే. అది బెకెలె గొప్పతనం, పందెం లోపం కాదు. అలాంటివాడు తరానికొకడు పుడితే ఎక్కువ. అతను పక్కకు తప్పుకునే దాకా ఆగి ఉంటే ఆ నాలుగు కిలోమీటర్లు మళ్లీ అసలు హక్కుదారుల చేతికే వచ్చేవి.

పోయిన పొట్టి పందెం 2017లో ఉగాండాలోని కంపాలాలో ఇంకో రూపంలో తిరిగొచ్చింది. దీన్ని మిక్స్‌డ్ రిలే అంటున్నారు. ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు, ఒక్కొక్కరూ రెండు కిలోమీటర్ల చొప్పున. కానిస్టేబుల్ పరీక్షలో అమ్మాయిలు 1.6 కిలోమీటర్లు ఎనిమిదిన్నర నిమిషాల్లో పరుగెత్తాలి. దానికి ఇంకో నాలుగు వందల మీటర్లు కలిపితే ఈ రిలేలో ఒకరి వంతు.