తప్పటడుగుల చదువు

మా పక్కింటి కోడలు ఈమధ్య పాపకి వాకర్ కొనాలని గజపతినగరం బజారంతా తిరిగొచ్చింది. "ఏడాది నిండింది పిన్నిగారూ! నాలుగడుగులు వేసి కూలబడిపోతోంది. అందులో కూచోబెడితే వేగిరం నడక వస్తుందట కదా?" అంది. వాళ్ళత్తగారు మాత్రం "పడకండా నడక నేర్సినోలు ఎవులున్నారే!" అని కొట్టిపారేశారు.

ఈ తగువు మీ ఇంట్లోనూ జరిగే ఉంటుంది. ఈ వారం దీని తీర్పు మరమనుషుల్ని తయారుచేసే వాళ్ళనే అడుగుదాం. నవ్వకండి, సంగతి వినండి.

1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన మన రాజ్ రెడ్డిగారి పేరు వినే ఉంటారు. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1979లో మరమనుషుల పరిశోధనా సంస్థ పెడితే, దానికి తొలి డైరెక్టరు ఆయనే. మనిషి మాట యంత్రానికి అర్థమయ్యేలా చేయడానికి దారి వేసినవారిలో ఆయనొకరు. 1994లో కంప్యూటరు రంగంలో అతి పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఇవాళ మీరు ఫోనుకి నోటితో చెప్పి పాట పెట్టించుకుంటున్నారంటే అందులో ఆయన కృషీ ఉంది.

అదే విశ్వవిద్యాలయంలో 1980లో మార్క్ రైబర్ట్ అనే ఆయన కాళ్ళున్న యంత్రాలకని ఒక ప్రయోగశాల ప్రారంభించాడు. అక్కడ ఏం చేశాడనుకున్నారు? ఒంటికాలితో గెంతే యంత్రం! అచ్చం మనం చిన్నప్పుడు ఆడిన తొక్కుడుబిళ్ళే. ఎంత ఎత్తు గెంతాలి, కాలు ఎక్కడ దింపాలి, నడుం ఎలా నిలపాలి... ఈ మూడే దానికి నేర్పారు. ఒళ్ళు ముందుకి తూలితే కాలు కాస్త ముందుకి వేస్తే చాలు, పడిపోకుండా నిలదొక్కుకుంటుంది. కదలకుండా నిలబడలేని ఆ యంత్రం, గెంతుతున్నంతసేపూ పడేది కాదు. నడకలోని కిటుకంతా కాలు ఎక్కడ మోపాలో తెలియడంలోనే ఉందన్నమాట.

ఆ యంత్రానికి ఈ లెక్కలు మనుషులు రాసిపెట్టారు. మరి పాపకి ఎవరు రాసిపెడతారు? పడటమే దాని బడి. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కారెన్ అడాల్ఫ్ బృందం పన్నెండు నుంచి పందొమ్మిది నెలల పిల్లలు ఆడుకుంటుంటే గమనించి 2012లో ఒక లెక్క చెప్పింది. గంటకి సగటున 2,368 అడుగులు, 17 సార్లు పడటం! ఇప్పుడు యంత్రాలకీ ఇదే పద్ధతి వచ్చింది. స్విట్జర్లాండులోని జూరిక్‌లో 2019లో ఒక నాలుగు కాళ్ళ యంత్రానికి ముందు కంప్యూటరు లోపలే మళ్ళీ మళ్ళీ ప్రయత్నం చేయించి నడక నేర్పారు, పడితే లేవడమూ నేర్పారు. ఆ తరవాతే నేల మీదికి దించారు.

ఇక వాకర్ సంగతి. అందులో పాప బరువు సీటు మోస్తుంది. తూలినా పడదు కనక కాలు ఎక్కడ వేయాలో తేల్చుకునే అవసరమే రాదు. పైగా రెప్పపాటులో గుమ్మం దాటి మెట్ల మీంచి దొర్లే ప్రమాదం, పొయ్యి దగ్గరికి పోయే ప్రమాదం ఉన్నాయి. అందుకే పిల్లల డాక్టర్లు వద్దంటారు. కెనడా 2004లో వీటి అమ్మకాన్నే నిషేధించింది.

మరి మనం చేయవలసిందేమిటి? పాపని ఇంట్లో ఉత్తికాళ్ళతో తిరగనివ్వండి. గచ్చు మీద నీళ్ళు, నూనె లేకుండా తుడవండి. బల్ల మూలలకి పాతగుడ్డ చుట్టండి. మెట్లకి అడ్డం పెట్టండి. నీళ్ళున్న బకెట్టు అందుబాటులో ఉంచకండి. వెనక నిలబడి తోసుకుపోయే చెక్కబండి ఇస్తే పక్కన మీరుండండి. పడిన ప్రతిసారీ పరుగెత్తకండి, లేచే అవకాశం ఇవ్వండి. ఏడాదిన్నర దాటినా నడవకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించాలి.

ఇదంతా చెబితే మా పక్కింటి కోడలు కాసేపు ఆలోచించింది. మర్నాడు వాకర్ డబ్బుతో పాపకి మువ్వల పట్టీలు కొనుక్కొచ్చింది. "ఎటు పోతోందో వంటింట్లోకి వినబడుతుంది కదా పిన్నిగారూ!" అంది. అత్తగారు పైకి ఏమీ అనలేదు గానీ, ఆ పట్టీలు పాప కాళ్ళకి పెట్టింది మాత్రం ఆవిడే!